మైలుతుత్తంలో నీళ్లు

మొన్న కోరుట్లలో ఎరువుల దుకాణం ముందు నీలం మైలుతుత్తం పలుకులు చూసినప్పుడు నా తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది.

తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులవి. మా బడికి తాళం పడింది. రసాయన శాస్త్రం చెప్పే సారు బస్టాండు ఎదుట సమ్మె టెంటులో కూర్చునేవారు. ఇంట్లో లెక్కలు చేసుకుంటుంటే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, అణుభారం నాకు నూటయాభై తొమ్మిదిన్నర వచ్చింది. పుస్తకంలో రెండువందల నలభై తొమ్మిదిన్నర ఉంది. నోటుబుక్కు పట్టుకుని టెంటుకు వెళ్లాను.

"నీళ్లు ఇడిచిపెట్టినవ్ బిడ్డా," అన్నారు సారు.

"అది పొడిగనే ఉంటది గద సార్?"

"సూస్తే పొడిగనే ఉంటది. లోపట అయిదు నీళ్ల అణువులుంటయి. గవి గూడ కలుపు."

సారు పెన్ను తీసి రాసి చూపిస్తుంటే పక్కనున్నాయన నవ్వుతూ, "ఏంది సార్, సమ్మెల పాఠమా?" అన్నాడు. సారు చప్పున పెన్ను జేబులో పెట్టుకున్నారు. నా వల్ల ఆయన సమ్మె చెడిపోయిందనుకుని హడలిపోయాను. ఒక్క పరుగున ఇంటికొచ్చాను. మళ్లీ ఆ దారిన పోలేదు.

బడి తెరిచాక సారు నన్ను దగ్గరికి పిలిచారు. తిడతారనుకున్నాను.

"మల్ల రాకపోతివేంది? రోజు నీ కోసం సూసిన," అన్నారు.

సమ్మెతో ఆగిపోయింది మా చదువే అనుకునేదాన్ని. అన్ని రోజులూ ఆయన ఆ టెంటులో, ఒక్క పిల్లయినా లెక్క అడగడానికి వస్తుందేమోనని ఎదురుచూశారని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు.