బావగారి లెక్కలో గాలి కుదుపు

మొన్న విజయవాడ నుంచి హైదరాబాదు వెళుతుంటే విమానం మబ్బుల్లో గట్టిగా కుదిపింది. పక్క సీటావిడ నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యగారూ, ఆ రెక్క చూడండి, అలా ఊగిపోతోందేంటండీ!" అంది. ఊగేలాగే కడతారమ్మా అని ధైర్యం చెప్పాను గానీ, నా మనసు అప్పటికే బాపట్లలో మా బావగారి డాబా మీదికి వెళ్లిపోయింది.

మా అక్క భర్త అప్పట్లో అక్కడ కాలేజీలో లెక్కల మేష్టారు. గాలి కుదుపులకు విమానం ఎలా ఊగుతుందో సమీకరణాల్లో పట్టాలని ఆయన పరిశోధన. డాక్టరేట్ వస్తే గానీ ఉద్యోగంలో పై మెట్టు లేదు, గడువేమో ఆ వేసవితో ఆఖరు. నేను తెనాలిలో బియ్యం మిల్లు గుమాస్తాని. నా లెక్కలన్నీ పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవే, అయినా సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వెళ్లి ఆయన కంప్యూటరు ముందు వాలిపోయేవాణ్ణి.

డాబా మీద గాలి వేగం కొలిచే చిన్న మర ఒకటి పెట్టి, ఆ కొలతలు కంప్యూటరుకు ఎక్కించేవాళ్లం. బావగారిది రేపల్లెలో ధాన్యం వ్యాపారం చేసిన కుటుంబం. ధాన్యం తేమ చూడాలంటే బస్తా బస్తాకీ గుప్పెడు తీసి, అన్నీ కలిపి, ఒకే కొలత చెప్పడం మా ఇద్దరికీ చేతికి పట్టిన అలవాటు. అదే అలవాటుగా గాలి కొలతల్నీ గుప్పెళ్లుగా కలిపి, సగటు తీసి సమీకరణానికి ఇచ్చాం. కాగితం మీద విమానం కాలవలో పడవలా సాగిపోయింది. బావగారు సంబరపడి అక్క చేత సేమ్యా పాయసం కూడా చేయించారు.

మర్నాడు మిల్లు పని మీద రేపల్లె బస్సులో, గుంటల్లో పడి లేస్తూ వెళుతుంటే నాకు తట్టింది. ఎత్తుపల్లాలన్నీ కలిపి సగటు తీస్తే ఈ రోడ్డూ చదునే, నా నడుమే ఒప్పుకోదు. విమానాన్ని ఊపేది క్షణానికీ క్షణానికీ గాలిలో ఉండే తేడా, ఆ తేడానే మేం చేతులారా చెరిపేశాం. చెబితే కొలతలన్నీ మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి, గడువు దాటిపోతుంది; చెప్పకపోతే బహుశా ఎవరూ కనిపెట్టరు. రేపల్లెలో దిగి, వచ్చిన పని చూసుకోకుండానే తిరుగు బస్సెక్కాను.

విని అక్క, "పాయసం తిన్నంతసేపూ ఏమైందిరా నీ బుర్ర?" అని మండిపడింది. బావగారు మాత్రం "పదవోయ్, మళ్లీ ఎక్కిద్దాం" అంటూ డాబా మెట్లెక్కారు. ఈసారి విమానం ఊగవలసినట్టే ఊగింది. గడువు మాత్రం ఆగలేదు. ఆయన అదే హోదాలో రిటైరయ్యారు.

ఇప్పుడు ఆ లెక్క మా తెనాలి పిల్లలు టీ చల్లారేలోపు చేసేస్తున్నారు. తప్పు దొరికితే మళ్లీ చేస్తారు, ఎవరికీ ఏమీ పోదు. ఆ రోజుల్లో పోయేది. పోతుందని తెలిసీ మెట్లెక్కిన మనిషి, నేను ఎప్పుడు వెళ్లినా కాఫీ ఇచ్చి ఊళ్లో సంగతులన్నీ అడుగుతారు, ఆ వేసవి మాట మాత్రం ఎత్తరు. ఎత్తి ఒకసారి తిట్టినా బాగుండేది, ఆయన ముందు కుదురుగా కూర్చోగలిగేవాణ్ణి.