హెల్తాఫీసరు సిగ్గు

వేసవి మొదలయ్యే సరికి మా వీధి కుళాయి నీళ్లలో బ్లీచింగ్ పౌడరు వాసన ఎక్కువవుతుంది. మొన్న పొద్దున మా మనవరాలు గ్లాసు నోటిదాకా తెచ్చుకుని, ముక్కు చిట్లించి, "తాతా, ఆసుపత్రి కంపు" అని పక్కన పెట్టేసింది. నేను ఆ గ్లాసు తీసుకుని గటగటా తాగేశాను. నాకు ఆ వాసన మల్లెపూల వాసన కన్నా ఇష్టం. ఇంట్లోవాళ్లు దీన్ని నా ముసలి చాదస్తాల్లో జమకట్టి చాలా కాలమైంది. వాళ్లకు గఫూరు సాహెబు తెలియదు. ఆ వాసన తగిలినప్పుడల్లా నా ఎడమ చీలమండ దగ్గర చర్మం చిమచిమలాడుతుందనీ, ఆ వెనకే మొహమంతా సిగ్గుతో వేడెక్కుతుందనీ కూడా తెలియదు. ఈ వయసులో సిగ్గేమిటని నవ్వుతారని నేనూ చెప్పలేదు.

గఫూరు సాహెబు మా జిల్లా హెల్తాఫీసరు. నేను ఆయన కింద పనిచేసే కుర్ర డాక్టరును. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన మొహంతో ఉండేవారు. రోహిణికార్తెలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్లకోటు విప్పేవారు కాదు. నోట్లో ఎప్పుడూ ఒక వక్కపలుకు ఉండేది. కోపం వస్తే ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు. అసలు తిట్టు తెలుగు భాగంలోనే ఉండేది కాబట్టి అందరికీ చక్కగా అర్థమయ్యేది. కర్నూలు అప్పుడే రాజధాని అయింది. కచేరీలు గుడారాల్లో నడిచేవి. కాగితాల మీద రాళ్లు పెట్టకపోతే గాలికి ఎగిరి తుంగభద్ర ఒడ్డున తేలేవి. కొత్త రాష్ట్రానికి అన్నీ కొరతే, అందులో హెల్తాఫీసర్లు మరీ కొరత. అందుకని డాక్టర్లు ప్రజారోగ్యంలో చేసే పై చదువును కుదించి, కొద్ది నెలల్లో ముగిసేటట్టు మద్రాసులో ఒక తరగతి పెట్టారు. పాఠాలు అక్కడ, ఊళ్లు తిరిగి నేర్చుకునే పని సొంత జిల్లాలో. సాహెబు నా పేరు పంపారు.

"పో ఈరన్నా. అన్నం ఉడక్కముందే వారుస్తాండారు, పలుకుగానే ఉంటాది. అయినా తిను. ఆకలి మనది" అన్నారు.

హాజరు తగ్గితే ఇంటికి పంపేస్తారు, మళ్లీ పిలవరు. ఆ చదువుకు ఉన్న షరతు అదొక్కటే. మాది పత్తికొండ వైపు మెట్టసేద్యం చేసుకునే ఇల్లు. మా వంశంలో బడి మొహం చూసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. "మావోడు జిల్లాకంతా డాక్టరు కాబోతాండాడు" అని మా నాయన సంతలో కనిపించినవాడికల్లా చెప్పుకుని తిరుగుతున్నాడు. మధ్యలో వెనక్కి వస్తే ఆ సంతలో ఏ మొహం పెట్టుకుని నడవాలో నాకు తెలియదు.

చదువు సగంలో ఉండగా నా ఎడమ చీలమండ మీద బొబ్బ లేచింది. నిప్పురవ్వ పెట్టినట్టు ఒకటే మంట. అది పగిలాక లోపలి నుంచి తెల్లటి దారపు కొసలాంటిది బయటికి తొంగిచూసింది. దాని పేరు తెలియడానికి నాకు పుస్తకం అక్కరలేదు. నారి. దిగుడుబావి నీళ్లతో కడుపులోకి పోయి, ఒంట్లో ఏడాది పాటు పెరిగి, మూర పైన పొడుగై, కాల్లోనుంచి బయటికొచ్చే పురుగు. ఎండాకాలం వచ్చిందంటే మా ఊళ్లో ఇంటికొకరు నారికురుపుతో మంచమెక్కేవాళ్లు. నిరుడు సెలవులకు పోయినప్పుడు మా అమ్మ చేతి చెంబుతో తాగిన నీళ్లు ఇప్పుడు ఇలా పలకరించాయన్నమాట.

ఆ రోజుల్లోనే తరగతిలో నారి పాఠం కూడా వచ్చింది. ప్రొఫెసరుగారు స్పిరిట్ సీసాలో వేసిన పురుగును బల్లల మధ్య తిప్పారు. నా పక్కనున్న పట్నం కుర్రాడు సీసాను వేలికొసలతో పట్టుకుని, "ఛీ, ఈ కాలంలో కూడా దీన్ని ఒంట్లో పెట్టుకుని తిరిగే మనుషులుంటారా?" అని నా చేతికిచ్చాడు. నా మేజోడు లోపల దాని తోబుట్టువు ఉంది. నేను సీసాను వెలుతురుకు పెట్టి చూసి, తలూపి, అవతలివాడికి అందించాను. కాలు మాత్రం బల్ల కిందికి ఇంకా లోపలికి లాక్కున్నాను. ప్రజారోగ్యం చదివేవాడికి నారికురుపు! నవ్వుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆసుపత్రిలో చూపించుకుందామంటే అక్కడ ఉన్నదీ మా తోటి డాక్టర్లే. మేజోడు కిందే గుడ్డ కట్టుకుని రోజులు నెట్టుకొచ్చాను.

పాఠాలు ముగిసి ఊళ్లు తిరిగే పనికి కర్నూలు చేరాను. సాహెబు నన్ను గుడారం గుమ్మం నుంచి తన బల్లదాకా నడిచి రానిచ్చి, "ఏమప్పా, కుంటుతాండావు?" అన్నారు. బెణికిందన్నాను. ఆయన వక్కపలుకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, "ఊఁ" అన్నారు.

మర్నాడు నందికొట్కూరు దాటి ఒక పల్లెకు జీపులో తీసుకెళ్లారు. ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. గంగ దగ్గరికి పాదరక్షలతో దిగకూడదు కాబట్టి పైనే విడిచాం. నేను మేజోళ్లతోనే దిగుతుంటే కడవలు ఎత్తుకున్న ఆడవాళ్లు వింతగా చూశారు. నీళ్లకు తగిలే మెట్టు మీద తిమ్మక్క అనే నడివయసు ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పాదాలు శుభ్రంగా తోముకుంటోంది. తరువాత నీళ్లకు దండం పెట్టి, రెండడుగులు లోపలికి వేసి కడవ ముంచింది. అక్కడ అందరూ అదే వరస. సాహెబు తెల్లకోటుతో సహా ఆ తడి మెట్టు మీద కూర్చున్నారు.

"దినామూ ఇట్లనే కడుగుతారా తల్లీ?"

"కడక్కుంటే ఎట్లా సామీ? మురికి కాళ్లతో గంగమ్మను తొక్కుతామా? మా ఊరోళ్లు శానా శుద్ధమైన మనుషులు."

"కాదనలేదు. కడిగిన నీళ్లు యాడికి పోతాండాయి?"

"యాడికి పోతాయి? గంగలోకే."

"నారి ఉండే కాలు కూడా ఈడనే కడుగుతారా?"

"అది ఇంకా బాగా కడగాల కదా సామీ. సేపు పెట్టుకోని కూకుంటే మంట సల్లారతాది."

నీళ్లు తగలగానే నారి పిల్లలను వదులుతుందనీ, అవి కంటికి ఆనని నీటిపురుగుల్లో చేరి, కడవలో పడి, తాగినవాళ్ల కడుపులోకి పోతాయనీ ఆయన నింపాదిగా చెప్పారు. మురికి అనే మాట ఒక్కసారి కూడా వాడలేదు. మెట్లు మూయించి గిలక పెట్టిస్తాననే సంగతీ ఆ రోజు ఎత్తలేదు. కాళ్లు కడుక్కునేందుకు పైన ఒక రాతితొట్టి పెట్టిస్తాననీ, అక్కడ కడుక్కునే గంగమ్మ దగ్గరికి రమ్మనీ మాత్రం అడిగారు. తిమ్మక్క ఆలోచనలో పడింది.

నేను ఆ మాటలన్నీ సగమే విన్నాను. ఎండలో నడిచి నడిచి నా కాలు మండిపోతోంది. ఎదురుగా చల్లటి నీళ్లు. పుస్తకంలో నేను ఎర్రగీతలు పెట్టుకుని చదివిన పాఠమంతా ఆ మంట ముందు దిగదుడుపే. నాకు తెలియకుండానే నా ఎడమకాలు ఒక మెట్టు దిగింది. సాహెబు వెనక్కి తిరక్కుండానే, "ఈరన్నా, కాలు పైకి తీసుకో" అన్నారు.

తిమ్మక్క నా మేజోడు వైపు చూసింది. మేజోడు మీద తడిమచ్చ కనబడుతోంది. "అయ్యో నాయనా, నీకూ ఉండాదా!" అంది. మిగతా ఆడవాళ్లు కడవలు దించి నా చుట్టూ చేరారు. ఎవరో ఉల్లిగడ్డ కాల్చి కట్టమన్నారు. ఆ జాలి కన్నా నలుగురూ పగలబడి నవ్వివుంటే నాకు నయంగా ఉండేది. మెట్లెక్కి జీపులో కూర్చుని, తిరుగుదారంతా ఆయనతో మాట్లాడలేదు. నా పరువు ఊరిముందు తీసేశాడని లోలోపల ఉడికిపోయాను.

సాయంత్రం ముసాఫరు బంగళాలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బొక్కెనలోని నీళ్లు కాలిమీద పోస్తూ, బయటికొచ్చినంత పురుగును అగ్గిపుల్లకు మెల్లగా చుట్టసాగారు.

"సార్, పెద్దవాళ్లు మీరు. నా కాలు పట్టుకోవద్దు."

"నోర్మూసుకో. కదిలితే తెగుతాది. తెగితే లోపలే కుళ్లి మంచమెక్కుతావు, చదువు పోతాది." కొంచెంసేపు పోయాక అడిగారు. "మద్రాసులో ఎవరికీ చూపించలేదా?"

"సిగ్గేసింది సార్. పాఠం జరుగుతుంటే కాలు బల్ల కిందికి లాక్కున్నాను."

"ఈ నీళ్లు యాడ తాగినావు?"

"మా ఊళ్లో."

"మీ ఊరికి హెల్తాఫీసరు ఎవరు?"

నేను అగ్గిపుల్ల వైపు చూశాను.

"చెప్పప్పా."

"మీరే సార్."

"మరి సిగ్గెవరికి ఉండాల? నేనీ కుర్చీలో శానా ఏండ్లుగా కూసున్నా. మీ ఊరి బావికి మెట్లు ఇంకా అట్లనే ఉండాయి. బల్ల కింద దాచుకోవాల్సింది నువ్వు కాళ్లు కాదు, నేను మొహం." ఆయన గొంతులో నాటకమేమీ లేదు. ఆయన తల వంచుకునే ఉన్నారు. నాకు మాత్రం ఆ కుర్చీలో కూర్చోవడం అంతకుముందు కన్నా కష్టమైపోయింది.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం ఆయనే వచ్చి, రవ్వంత రవ్వంతగా చుట్టేవారు. మధ్యాహ్నాలు ఏ పల్లెలో ఉన్నా పొద్దుగూకే వేళకు బొక్కెనతో తయారు. కాలు కడిగిన నీళ్లను బావులకు దూరంగా ఎండిన బీడులో తానే పారబోసేవారు. నాకు ఒక్కరోజు హాజరు కూడా పోలేదు. అయినా పరీక్షలకు మద్రాసు వెళ్లేనాటికి పురుగు కొస ఇంకా లోపలే ఉండిపోయింది. నోటి పరీక్షకు బూటు పట్టక ఒక కాలికి చెప్పుతో, కట్టుతో వెళ్లాను.

"కాలికేమైంది?" అన్నారు పెద్ద పరీక్షాధికారి.

"నారి సార్."

ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. రెండో ఆయన నవ్వి, "పాఠానికి నమూనా కూడా తెచ్చుకున్నావే. ఎక్కడ పట్టుకున్నావు?" అన్నారు.

"మా ఊరి బావిలో."

సాహెబు మాట గొంతుదాకా వచ్చింది. సిగ్గు ఎవరికి ఉండాలో ఆ ఇద్దరికీ చెప్పాలనే ఉంది. చెప్పలేకపోయాను. నా కళ్లు నేలకు దిగిపోయాయి. ఆ తరువాత అడిగిన ప్రశ్నలన్నిటికీ నేలను చూస్తూనే జవాబులు చెప్పాను. ప్యాసయ్యాను. అది జవాబులకు వచ్చిందో, జాలికి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. సంతలో మా నాయన పంచిన బెల్లంముక్క నోట్లో వేసుకున్నప్పుడు కూడా ఆ కుర్చీ జరిగిన చప్పుడే చెవుల్లో ఉంది.

కర్నూలు వచ్చి చెప్తే సాహెబు నా వీపు తట్టి సంబరపడ్డారు. కుర్చీ జరిపిన సంగతి వినగానే ఉర్దూలో అందుకున్నారు. తెలుగులోకి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గింది. "తల ఎందుకు దించుకున్నావప్పా?" అన్నారు.

"అలవాటు సార్."

ఆయన బల్ల మీది కాగితాలపై రాయి సర్ది పెట్టారు. "అలవాటు చేసింది మేమేలే" అన్నారు. ఆ ఏడే మా ఊరి బావికి మెట్లు మూయించి, ఒర కట్టించి, గిలక పెట్టించారు. పని జరిగినన్నాళ్లూ వారానికోసారి తానే వచ్చి చూసుకుని, నీళ్లలో బ్లీచింగ్ పౌడరు తన చేత్తోనే కలిపి వెళ్లేవారు. తరువాత కొద్దికాలానికే ఉద్యోగం విరమించారు. నన్ను హెల్తాఫీసరుగా కడప వైపు వేశారు.

ఒక ఎండాకాలం పొద్దున గండికోటకు ఇవతల ఒక నేతగాళ్ల ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఒక ఇంట్లో మగ్గం ఆగిపోయి ఉంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఒక మనిషి ఊరికే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. ఆయన భార్య గబగబా వచ్చి, ఆయన మోకాళ్ల మీద ఒక పాతచీర కప్పింది.

"ఏమనుకోవద్దు సారూ, ఆయప్ప లేయలేడు. కాలితో తొక్కితే గదా మగ్గం ఆడేది, నెలనుంచి పని లేదు. మా ఊరి నీళ్లు మంచివి కావు. తప్పు మాదేలే సారూ" అంది. నాకు క్షమాపణ చెబుతున్నట్టుంది ఆ గొంతు. ఆయన చీర అంచు పట్టుకుని తల వంచుకున్నాడు.

అప్పటికి నేను కడపలో ఆ కుర్చీలో కూర్చుని ఏడాదిన్నర అయింది. నారి బయటపడటానికి పట్టేది ఏడాది. ఆయన ఆ నీళ్లు తాగింది నేను వచ్చిన తరువాతే.

నేను గుంటలోకి దిగి, చీర తొలగించి, ఆయన కాలు చేతుల్లోకి తీసుకున్నాను. ఆయన వద్దు వద్దంటున్నాడు. తలెత్తి ఆ మనిషి మొహం చూడలేకపోయాను. ఆయన ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఆ కాలును మాత్రం ఎక్కడ చూసినా గుర్తుపడతాను.