పెళ్లిచూపుల్లో చచ్చిన బ్యాటరీ

ముందే చెప్పేస్తున్నాను. మా బావమరిది సూరి పాటలు పెట్టినందువల్ల కారు బ్యాటరీ చావలేదు. చంపింది నేను. ఆ మాట నౌపడలో, ఓ పెద్దమనిషి నన్ను సూటిగా అడిగినప్పుడు, చెప్పకుండా నీళ్లు నమిలాను. ఆ నీళ్లు నమలడానికే తప్ప బ్యాటరీలో పోయడానికి పనికిరావన్న సంగతి తరవాత చెబుతాను. మా చుట్టాల్లో సగంమంది ఇప్పటికీ ఏ భోజనాల దగ్గరైనా "సూరిగాడు పాటలతో బ్యాటరీని చంపేశాడు" అని నవ్వుకుంటున్నారు. వాళ్లందరూ చదువుతారనే ఆశతో ఇది రాస్తున్నాను. నన్ను చూసి నవ్వండి. నేను అర్హుణ్ని.

పదేళ్ల కిందటి మాట. నరసన్నపేటలో మా వీధికంతటికీ మొదటి కారు నాది. కొత్తది కాదు, విజయనగరంలో ఒకాయన దగ్గర కొన్నాను. "బ్యాటరీ ఎన్నాళ్లదండీ?" అని అడిగితే, "బండితోపాటే ఉంది బాబూ, ఇంతవరకూ మార్చలేదు" అన్నాడు. తెలివైనవాడైతే అక్కడే భయపడేవాడు. నేను మాత్రం ఎంత విశ్వాసం గల బ్యాటరీయో అని మురిసిపోయాను.

పాపం, అది నాతో చెప్పని రోజు లేదు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే, మధ్యాహ్నం నిద్రలోంచి లేపిన ముసలి మావయ్యలా "గుర్... గుర్... గు..." అని మూలిగేది. హారన్ కొడితే లైట్లు మసకబారేవి. బానెట్ ఎత్తితే టెర్మినల్స్ చుట్టూ తెల్లగా, పచ్చగా ఏదో పొడి పేరుకుని ఉండేది.

మా ఆవిడ కనకం ఒకరోజు తొంగిచూసి, "ఏటండీ ఆ తెల్లపొడి?" అంది.

"మొన్న రామతీర్థంలో బండికి పూజ చేయించాం కదా. విబూది రాలి ఉంటుంది."

"రాముడి గుళ్లో విబూది ఏటండీ?"

నేను బానెట్ మూసేశాను. భార్య దగ్గర సమాధానం లేనప్పుడు మూయడానికి ఏదో ఒకటి చేతిలో ఉండటం మగాడికి చాలా అవసరం.

ఆ వేసవిలో మరో ఘనకార్యం చేశాను. బ్యాటరీ సెల్స్ మూతలు విప్పితే లోపల ప్లేట్లు ఎండిపోయి కనిపించాయి. డిస్టిల్డ్ వాటర్ ఏ పెట్రోల్ బంకులో అడిగినా దొరుకుతుంది. అడగలేదు. పెరట్లో బోరు ఉండగా అడగడం దేనికి? చెంబుతో తెచ్చి, మొక్కకి పోసినట్టు ప్రేమగా పోశాను.

"ఆ నీళ్లకి మన టీ గిన్నె సున్నం కట్టేస్తన్నాది. దాని కడుపులోన ఏటవుతాదో!" అంది కనకం.

"మనం తాగే నీళ్లు అది తాగదా? కార్ల సంగతి నీకేం తెలుసు?"

ఆ తరవాత అది మూలగడం కూడా తగ్గించింది. ఆరోగ్యం కుదుటపడింది అనుకున్నాను.

ఇక మీకు నా గొప్ప ఆవిష్కరణ చెప్పాలి. మా ఇల్లు రోడ్డుకి ఎత్తుగా ఉంటుంది. కారుని ముక్కు రోడ్డువైపు ఉండేలా ఆ వాలు మీద ఆపేవాణ్ని. పొద్దున్నే హ్యాండ్ బ్రేక్ వదిలి, సెకండ్ గేర్ వేసి, దొర్లుతుండగా క్లచ్ వదిలితే చాలు, బండి లేచేది. ఎక్కడికి వెళ్లినా ముందు వాలు వెతుక్కునేవాణ్ని. కాలవ గట్టు, వంతెన మొదలు, కొండ దిగువ. "నాలుగేళ్లు దాటిన బ్యాటరీ, ఓసారి చూపించి మార్చెయ్" అని స్నేహితులు చెబితే, "నాకు బ్యాటరీతో పనేంటి? భూమ్యాకర్షణ ఉంది" అనేవాణ్ని. అలా అనడం నాకు ఎంత బాగుండేదంటే, అది అనడం కోసమైనా బ్యాటరీ మార్చేవాణ్ని కాదు.

ఇలా ఉండగా సూరికి నౌపడ సంబంధం వచ్చింది. మా మామగారు లేరు కాబట్టి పెద్దరికం నాది. సూరి నరసన్నపేటలోనే విత్తనాల కొట్టు నడిపేవాడు. అంతకుముందు వచ్చిన సంబంధాలకి సరే అనీ కాదనీ తేల్చనివాడు, ఈ పిల్ల ఫొటో చూశాక రోజూ మా ఇంటికొచ్చి "ఎప్పుడెళ్దాం బావా?" అని ప్రాణం తీశాడు. పిల్ల పేరు పైడిరాణి. స్కూల్లో టీచరు. వాళ్ల నాన్న అప్పన్నగారు ఉప్పుమడులు చేస్తారు. పండిన ఉప్పుని ఒక్క వాన కరిగించేస్తుంది కనక, ఆకాశం చూసి ముందే జాగ్రత్తపడటం ఆయన వృత్తి. ముందుచూపు లేనివాడు ఆయనకి గిట్టడని మధ్యవర్తి మాకు మరీ మరీ చెప్పాడు.

బయల్దేరేటప్పుడు సూరి, "బావా, బస్సుకెళ్లిపోదుమా?" అన్నాడు.

"పెళ్లిచూపులకి బస్సేమిట్రా? కారు దిగితే ఆ విలువే వేరు."

టెక్కలి దాటి నౌపడ వైపు తిరిగాక నా కళ్లు వాలు కోసం వెతకడం మొదలెట్టాయి. ఉప్పునీళ్లు మడిలో సమంగా నిలవాలంటే నేల చదునుగా ఉండాలి కదా. ఎటు చూసినా పళ్లెంలా చదును. వాలు మీద బతికేవాడు తన కారుని లోకంలోకెల్లా చదునైన ఊరికి తెచ్చుకున్నాడు.

"ఏటి బావా వెతుకుతన్నావు?"

"నీడ."

వాళ్ల గుమ్మం ముందు ఆపి, ఇంజిను మాత్రం ఆపలేదు. కనకం నా వైపు చూసింది. "ఆపండి. పిల్లని సూసి పారిపోడానికి సిద్దంగా ఉన్నట్టు ఏటది?"

ఆపాను. లోపలికి పిలిచేదాకా సూరి కంగారు తగ్గడానికి కారు స్టీరియోలో సగం పాట విన్నాడు. సగమే. ఆ సగం పాట గుర్తుంచుకోండి, దాని మీదే నేను హత్యానేరం మోపాను.

చూపులు బ్రహ్మాండంగా జరిగాయి. సూరి పిల్లని చూస్తూ, కాఫీ ఇంకా ఉందనుకుని ఖాళీ గ్లాసు తాగాడు. పిల్ల అది గమనించి నవ్వు ఆపుకుంది. అప్పన్నగారు కూడా మెత్తబడ్డారు. ఆయన తల్లి, మామ్మగారు, "బేగి బయల్దేరండి నాయనా, దుర్ముహూర్తం వచ్చేస్తాది" అని సాగనంపింది. కారెక్కాం. వీధంతా చూస్తోంది. తాళం తిప్పాను.

"టిక్."

మళ్లీ తిప్పాను. "టిక్." మూలుగు కూడా లేదు. ముసలి మావయ్య పోయారు.

"ఏటయినాది బాబూ?" అన్నారు అప్పన్నగారు.

"ఏం లేదండీ, కాస్త తోస్తే అందుకుంటుంది."

వీధిలో మగాళ్లంతా పంచెలు ఎగ్గట్టి వెనకాల చేతులు వేశారు. అంతలో మామ్మగారి కేక.

"ఆగండ్రా! సేతులు తియ్యండి! సంబంధానికొచ్చినోల్ని మన సేతుల్తోనే గుమ్మంలోంచి గెంటేస్తారేటి? బుద్దుందా?"

నిప్పు తగిలినట్టు అందరూ చేతులు తీసేశారు.

"అమ్మా, బండినే కదా తోసేది" అన్నారు అప్పన్నగారు.

"బండిలోన ఎవులున్నారు? సంబంధం ఉన్నాది!"

"మరి ఎలాగే?"

మామ్మగారు ఆలోచించింది. "ఎనక్కి తొయ్యండి. ఎనక్కి తోస్తే మనింటి వైపు రమ్మన్నట్టుంటాది. మంచిదే."

లాజిక్కు నాకూ నచ్చింది. రివర్సులో కూడా బండి లేస్తుందని ఎక్కడో విన్నాను. అందరూ ముందుకొచ్చి సంతోషంగా వెనక్కి తోశారు. క్లచ్ వదిలాను. బండి ఒక్క ఎగురు ఎగిరి, ఇంటి పక్కన తాటాకులు కప్పి ఉంచిన ఉప్పు కుప్పలోకి నడుంలోతు దూరిపోయింది. కుప్ప విరిగి డిక్కీ మీద పడింది, ఇంజిను మాత్రం లేవలేదు. ఆ క్షణంలో మా కారుని ఎండబెడితే ఏడాదిపాటు నిలవ ఉండేది.

"ఓలమ్మో, నా ఉప్పు!" అంది మామ్మగారు.

చివరికి ఆవిడే తీర్పు చెప్పింది. "పెళ్లికొడుకు తోసుకుంటే తప్పు లేదు. ఆడి బావ బండి, ఆడి ఇష్టం."

సూరి దిగాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. కిటికీలోంచి పైడిరాణి చూస్తోంది. అప్పుడు అప్పన్నగారు నా కిటికీ దగ్గరకొచ్చి, మెల్లగా, "బ్యాటరీ ఎలాగ పోనాది బాబూ?" అని అడిగారు.

అదిగో, ఆ క్షణం. బోరునీళ్లు, విబూది, భూమ్యాకర్షణ అన్నీ గొంతుదాకా వచ్చాయి. పైన పెద్దరికం కూర్చుని ఉంది, వాటిని రానివ్వలేదు.

"మావాడు ఇందాక పాటలు విన్నాడు కదండీ..." అన్నాను.

సూరి నా వైపు చూశాడు. కాదంటాడనుకున్నాను. వాడు నిజంగానే నమ్మేసి, తల దించుకుని, "అవునండీ, నాదే తప్పు" అన్నాడు.

"ఒకలి బండి సూసుకోలేనోడు..." అని అప్పన్నగారు వాక్యం మధ్యలో ఆపేశారు. మిగతా సగం వీధిలో అందరికీ వినిపించింది.

డిక్కీ మీద ఉప్పు తీసేశాక సూరి తోశాడు. బండి లేచింది. ఆపితే మళ్లీ చస్తుందని భయపడి నేను ఆపలేదు. పెళ్లికొడుకు పెళ్లిచూపుల నుంచి కారు వెనకాల పరిగెత్తుకుంటూ వెళ్లిపోవడం నౌపడ చరిత్రలో అదే మొదలై ఉంటుంది. రైల్వే గేటు పడి ఉండబట్టి అందుకున్నాడు.

కొద్దిరోజులకి కబురొచ్చింది. "కుర్రాడు మంచోడే. ముందుచూపు తక్కువ. ఆలోసించి సెప్తాం." ఆ భాష మనకి తెలుసు. సూరి కొట్లో రేడియో కట్టేశాడు. ఎవరి ఫోన్లో పాట మోగినా లేచి వెళ్లిపోయేవాడు. నేను ఓదార్చాను కూడా! "పోనీలేరా, పొరపాట్లు అందరికీ జరుగుతాయి" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఒక ఆదివారం పొద్దున్న వాడు బైకు వెనకాల కొత్త బ్యాటరీ కట్టుకుని వచ్చాడు. "నా వల్ల పాడయినాది కదా బావా. నేనే తెచ్చాను" అని, తనే పానా పట్టుకుని పాతది పైకి తీశాడు. అది నాలుగు పక్కలా పూరీలా ఉబ్బిపోయి ఉంది. మూత విప్పితే లోపల మా టీ గిన్నె రంగు.

కనకం దాన్ని చూసింది. నన్ను చూసింది. "ఇది పాటలకి ఉబ్బినాదేటండీ?" అంది. తరవాత ఇంకో మాట. "నౌపడ మీరెళ్తారా, నన్నెళ్లమంటారా?"

ఆ రోజే సూరిని ఎక్కించుకుని వెళ్లాను. ఎందుకో చెప్పలేదు. వసారాలో అప్పన్నగారు, మామ్మగారు ఉన్నారు. గుమ్మం వెనక పైడిరాణి. నిలబడే అంతా చెప్పాను. బ్యాటరీ వయసు, మసక లైట్లు, తెల్లపొడి, బోరునీళ్లు, వాలు. సూరి నోరు తెరుచుకుని విన్నాడు.

అప్పన్నగారు, "మరి ఆ రోజు సెప్పలేదేటి?" అన్నారు.

"పెద్దరికం పోతుందని బాబాయ్ గారూ."

"ఇప్పుడున్నాదేటి?"

గుమ్మం వెనక నవ్వు వినిపించింది. మామ్మగారు మాత్రం సూరినే ఎగాదిగా చూసి, "ఒరే అప్పన్నా, సెయ్యని తప్పు పదిమందిలోన ఒప్పుకున్నాడీ గుంటడు. మొగుడంటే ఇంకేటి కావాలిరా? ముహూర్తం పెట్టించు" అంది. తరవాత నా వైపు తిరిగింది. "నువ్వు మాకేటి సెప్తావు? ఆడికి సెప్పు."

నేను సూరిని వెంటబెట్టుకుని బయటికి నడిచాను. బానెట్ ఎత్తి, కొత్త బ్యాటరీ మీద కుడిచెయ్యి వేశాను. వీధి మళ్లీ పోగయింది. "ఇకమీదట దీనికి డిస్టిల్డ్ వాటర్ తప్ప చుక్క పొయ్యను. టెర్మినల్స్‌కి పొడి కడితే వంటసోడా నీళ్లతో కడిగి గ్రీజు రాస్తాను, విబూది అనను. మూడేళ్లు నిండాక ఏటేటా చూపిస్తాను. ఇది మూలిగితే మార్చేస్తాను, వాలు వెతకను. దీని చావుని ఎవరి నెత్తినా పెట్టను" అని గట్టిగా ప్రమాణం చేశాను.

చెయ్యి తియ్యకుండానే సూరి వైపు తిరిగాను. గొంతు, పాత సెల్ఫ్ లాగే, రెండుసార్లు మూలిగి అప్పుడు పలికింది.

"ఒరే సూరీ, నువ్వు విన్నది సగం పాటే. తప్పంతా నాది. నీ పెళ్లి చెడగొట్టబోయాను, పైగా నిన్నే ఓదార్చాను. నన్ను క్షమించరా."