తాడు కట్టిన రోజు

ఈ ఉదయం తిరుపతిలో ముసురు. నేను లెక్కలు చూసే గోదాము ముందు ఎవరో మోటార్ సైకిల్ ఆపి, దాని మీద గోనెసంచి కప్పారు. తడి గోనె, వేడి ఇంజను, కొంచెం పెట్రోలు కలిసిన వాసన లోపలికి రాగానే పని ఆపి బయటికి చూశాను. అక్కడ ఆకుపచ్చ కారు ఉండదని తెలుసు. అయినా చూశాను.

ఆ కారు మునెప్పన్నది. చిత్తూరులో ఆయన బెల్లం మండీలో నేను చాలాకాలం గుమాస్తాగా ఉన్నాను. పదో తరగతి తప్పి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నమ్మి పని అప్పగించిన మనిషి. ఊరు వదిలిపోతున్న ఒక తెల్లదొర దగ్గర మునెప్పన్న నాయన కొన్న స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, పైకప్పుకు బదులు మడిచే గుడ్డ. ఎండాకాలంలో జనం నిలబడి చూసేవాళ్ళు. కార్తీకం వానలు మొదలయ్యాక మా ఇద్దర్నీ చూసి జాలిపడేవాళ్ళు.

బండిని షెడ్డులో దాస్తే తేమకు తుప్పు పడుతుందనీ, చలికాలంలోనే రోజూ తిప్పాలనీ ఆయన నమ్మకం. బెల్లం బేరాలకు ఐరాలకైనా పలమనేరుకైనా అందులోనే పోయేవాళ్ళం. రాత్రి స్పార్కు ప్లగ్గులు విప్పి ఇంటికి తీసుకుపోయి, పొద్దున్నే పొయ్యి పక్కన వెచ్చబెట్టి తెచ్చి బిగించేవాడు. గుడ్డ కప్పు కుట్ల మీద కొవ్వొత్తి రుద్దేవాడు. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు చలిలో పడగానే ఇంజను చల్లబడిపోకుండా రేడియేటరు ముందు గోనెసంచి కట్టేవాడు, దిగేటప్పుడు విప్పేవాడు. ఇంజను అందుకోగానే బయల్దేరేవాడు కాదు. నేను గడియారం చూస్తే నవ్వేవాడు.

“నువ్వు నిద్దర లేస్తానే పరిగెత్తతావా అబ్బా? దాన్నీ రొంత కండ్లు తెరవనీ.”

ఆ ఇంట్లో వంటా పెత్తనమూ ఆయన అక్క సుబ్బమ్మవి. ముందటి చలికాలం దారిలో బండి ఆగిపోయి, వానలో నిలబడి, ఆయన నెమ్ముతో ఆసుపత్రి పాలయ్యాడు. అప్పట్నుంచీ ఆమెకు కారంటే పగ.

“రేయ్, దోసె పెనం పక్కన ఈ ఇనపముక్కలేందిరా? కారు కొంటానని బెంగుళూరాయన అడగతా ఉండాడు గదా, ఇచ్చేయ్. ఈసారి నువ్వన్నా ఉండాల, అదన్నా ఉండాల.”

“ఆగిపోతేనే గదక్కా తడిసేది. ఆగకుండా సూసుకుంటా.”

“ఆ మాట కాణిపాకంలో చెప్పు, సూస్తాము.”

మా వైపు కాణిపాకం వినాయకుడి ముందు చెప్పిన మాటకు తిరుగులేదు. ఊళ్ళో తెగని తగవులు అక్కడ తడిబట్టలతో చేసే ప్రమాణంతో తెగుతాయి. మునెప్పన్న కోనేట్లో మునిగి వచ్చి, అక్క వింటుండగా చెప్పాడు. శివరాత్రికి చలి పోయేలోపల ఈ బండికి ఎవరైనా తాడు కట్టి లాగితే, అమ్మేస్తాను. “సామి విన్యాడు. ఇంక నాకు పన్ల్యా” అంది సుబ్బమ్మ.

మార్గశిరంలో వాయుగుండం పట్టింది. ఐరాల నుంచి తిరిగి వస్తున్నాం. పొద్దున సులువుగా దాటిన వాగు మీది చప్టా మీదకు పై చెరువు నీళ్ళు వచ్చి పడ్డాయి. నడిమధ్యలో ఇంజను ఆగింది. ఆయన దిగి తువ్వాలుతో ఎంత తుడిచినా అందుకోలేదు. నీళ్ళు కాళ్ళ దగ్గరి నేల పలక దాటి లోపలికి వస్తున్నాయి. అవతలి గట్టున చెరకు ట్రాక్టరు వచ్చి ఆగింది.

“ఏం సామీ, పడవనుకొని తెచ్చినారా? నీళ్ళు పెరగతా ఉండాయి. తాడేసేదా, వొద్దా?”

మునెప్పన్న బండి ముక్కు మీద చెయ్యి వేశాడు. “ఎయ్యప్పా” అన్నాడు.

గట్టెక్కాక ప్లగ్గులు తుడిచి బిగిస్తే ఇంజను అందుకుంది. చిత్తూరు దారిలో నేను ఊరుకోలేకపోయాను.

“అన్నా, నిండా ఇరవై అడుగులు రాలేదు. లాగించుకునేది వేరు, నీళ్ళలో నించి పక్కకు జరిపేది వేరు. ఇప్పుడు బండి దానంతట అదే పోతా ఉండాది గదా.”

ఆయన ఒక మలుపు తిప్పాడు. “తాడు కట్టినామా, ల్యాదా?”

“కట్టినాము. అయితే...”

“అయిపాయ.”

ఇంటికి పోగానే ఆయనే చెప్పాడు. సుబ్బమ్మ తమ్ముడి తల తుడుస్తూ వింది. చేతిలో తువ్వాలు ఆగింది. “వాగులో గదరా. దానికి సామి తప్పు పట్టడులే.”

“నువ్వు గూడా లెక్కలేస్తా ఉండావా అక్కా?” అని నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

బెంగుళూరాయన వచ్చిన పొద్దున ప్లగ్గుల్ని పెనం పక్కన పెట్టింది సుబ్బమ్మే. మునెప్పన్న వాటిని బిగించి, గోనెసంచి ఎక్కడ కట్టాలో చూపించి, “అందుకుంటానే తోలబాకండి. రొంత కండ్లు తెరవనీండి” అని చెప్పి మండీకి నడిచాడు. మిగిలిన చలికాలమంతా నా స్కూటరు వెనక కూర్చుని అంతకంటే ఎక్కువే తడిశాడు. నెమ్ము మాత్రం రాలేదు.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. లెక్కలు చేసేవాడికి ఏ సంగతినైనా కొంచెం పక్కకు జరిపి చెప్పడం కష్టం కాదు. ఆ నేర్పు నాకు ఉంది. ఈ ఉదయం గోదాము కప్పు కారి కందిపప్పు మూటలు తడిశాయి. వాటిని మంచి సరుకులోనే చూపమన్నాడు మా యజమాని. “అంచులే గదప్పా. లోపలికి పోలేదు.”

వాసనకు తల ఎత్తింది ఆ మాట విన్న తర్వాతే. మళ్ళీ యజమాని వైపు తిరిగాను.

“తడిసినాయా, లేదా?”

“తడిసినాయి. అయితే...”

ఆ తర్వాతి మాట నాకు చాలాకాలంగా తెలుసు. పైకి అనకుండా, మూటల్ని విడిగా పెట్టించడానికి లేచాను.