హబీబు నమ్మిన నేల

ఆటోనగర్‌లో హబీబు పెట్టే షరతులు విని డ్రైవర్లు నవ్వుకునేవారు. పక్క షెడ్డులో సీట్లు కుట్టుకునే నేనూ నవ్వేవాణ్ణే. గుద్దుకుని రిపేరుకొచ్చిన బండికి హెడ్‌లైట్లు సరిచేయమంటే, పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ప్రశ్నలు వేసేవాడు. టైర్లలో గాలి సమంగా ఉందా? ట్యాంకులో డీజిలెంత? చేపల వ్యానయితే ఐసు ట్రేలు నింపి తెమ్మనేవాడు. బరువు మారితే వెలుగు పడే చోటూ మారుతుందని అతని వాదన. అన్నిటికంటే ముందు నేల మట్టంగా ఉండాలి.

2003లో టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు పటమటలో ఇంట్లోనే పడుకున్నాడు. తిరిగొచ్చేసరికి షెడ్డు యజమాని తిరుపతిరావు కొత్తగా సిమెంటు నేల వేయించేశాడు.

"మట్టం చూశారా రావుగారూ?"

"మేస్త్రీ చేత నా ఎదురుగానే చూపించాను. పద్దెనిమిదేళ్లయింది మనం కలిసి పనిచేయబట్టి. నా మాట మీద నమ్మకం లేదా?"

ఆ మాటకి హబీబు సిగ్గుపడ్డాడు.

మర్నాడు కైకలూరు నుంచి ఎల్లారావు చేపల వ్యాను తెచ్చాడు. పాత లైట్లు పగిలితే కొత్తవి వేయించాడు. పాపం, చెప్పినట్టే ఐసు కూడా నింపుకొచ్చాడు. హబీబు ఎదురు గోడ మీద తను గీసుకున్న గీతకి వెలుగు సరిపెట్టి పంపించాడు.

వారం తిరక్కుండా ఎల్లారావు చేతికి కట్టుతో వచ్చాడు. తెల్లవారుజామున చీకట్లో వ్యాను రోడ్డు మీద పోసిన కంకరగుట్ట ఎక్కి బోల్తా కొట్టిందట. పక్కన కూర్చున్న అతని భార్య నాగలక్ష్మికి కాలు విరిగింది.

"వెలుగు బండి ముందే పడింది భాయ్. గుట్ట మీదకెక్కేదాకా కనపళ్లేదు."

హబీబు బకెట్టు నీళ్లు తెచ్చి నేల మీద పోశాడు. నీళ్లన్నీ వెనకవైపు కాలవలోకి పోయాయి. వెనక చక్రాలు నిలబడే చోటు పల్లం. అక్కడ బండి ముక్కు పైకి లేస్తుంది, గీతకి కుదరాలంటే వెలుగు దించక తప్పదు. మామూలు రోడ్డెక్కాక ఇక దూరం కనపడదు.

"వాటర్ సర్వీసింగ్ పెడదామని నీళ్లు వెనక్కి పోయేలా నేనే వాటం ఇప్పించాను. చెబితే నువ్వు ఒప్పుకోవుగా" అన్నాడు తిరుపతిరావు, అదేదో చిన్న సంగతైనట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. హబీబు ముఖం మాత్రం పాలిపోయింది. ఇన్నేళ్లూ ఇద్దరూ ఒకే క్యారేజీలో అన్నం తిన్నారు.

"విన్నావుగా ఎల్లారావూ. నన్ను మోసం చేశాడు" అన్నాడు హబీబు.

"మిమ్మల్ని ఆయన మోసం చేశాడు, సరే. గాలి కొట్టించమన్నారు, కొట్టించాను. ఐసు నింపుకు రమ్మన్నారు, తెచ్చాను. మీరడిగినవన్నీ నేను చేశాను. ఈ బకెట్టు నీళ్లు ఆ రోజే ఎందుకు పొయ్యలేదు భాయ్?"