సిమెంటు కాగితం అట్టతో ఖఫ్జీ దాకా

ఖమీస్ ముషైత్ నుంచి ఖఫ్జీకి పోవాలంటే ఈ అరబ్బు దేశం ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. ఆడమనిషి ఒక్కతే పోవచ్చునా అని అడిగేవాళ్ళకు ముందే చెప్తున్నాను: ఇప్పుడు పోవచ్చు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు, ఫోన్లో టికెట్టు, కాళ్ళలో కొంచెం ఓపిక ఉంటే చాలు. నా దగ్గర మొదటి రెండూ ఉన్నాయి.

నేను పోయింది తమ్ముణ్ణి చూడటానికి. వాణ్ణి ఇక్కడ దావీదు అంటాను. అసలు పేరు వద్దన్నాడు, మిగతాదంతా రాసుకోమన్నాడు. ఖఫ్జీలో ఒక కంపెనీ క్యాంపులో పన్నెండేళ్ళు ఏసీ మెకానిక్కుగా చేశాడు. పని ముగించి ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ వాడికి పడింది. "పోయేలోపల ఒకసారి రా అక్కా. నేనిచ్చిన పుస్తకం మాత్రం మర్చిపోవద్దు" అని ఫోన్ చేశాడు.

ఆ పుస్తకం రెండేళ్ళ కిందట మా పక్క ఊరు అబహాలో పని పడి వచ్చినప్పుడు ఇచ్చాడు. అరచెయ్యంత ఇంగ్లీషు పుస్తకం, పైన సిమెంటు బస్తా కాగితం అట్ట. నన్ను బడికి పంపలేదు. మా అమ్మే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బైబిలు చూపించి తెలుగు నేర్పింది. మా ఇంట్లో సిమెంటు కాగితంతో అట్ట వేసే పుస్తకాలు రెండే, బైబిలూ పాటల పుస్తకమూ. కాబట్టి ఇది ఇంగ్లీషులో ఉన్న దేవుని వాక్యమే అనుకున్నాను. తలగడ కింద పెట్టుకొని, రోజూ దాని మీద చెయ్యి ఉంచి వాడి కోసం ప్రార్థన చేసేదాన్ని. శుక్రవారం ఫోన్లో కూడుకునే మా ప్రార్థన గుంపులో, మా తమ్ముడు ఎంత భక్తిపరుడో అని సాక్ష్యం కూడా చెప్పాను.

నేను చూసుకునే ముసలమ్మను నాలుగు రోజులు తాను చూసుకుంటానని వాళ్ళ కూతురు ఒప్పుకుంది. దేవునికి స్తోత్రం, ఆమె మనసు మంచిది. ఆదివారం ఏడింటికల్లా ఇంట్లో ఉండాలని మాత్రం చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం మూడుకు బస్సు కదిలింది. రియాద్‌కు పదమూడు గంటలు. ఏసీ చలి ఎముకల్లోకి దిగుతుంది, శాలువా తప్పక పెట్టుకోండి. బీషా దాటేసరికి నా పాదాలు పొంగాయి. పక్క వరసలో నిజామాబాద్ మేస్త్రీ ఒకాయన అది చూశాడు.

"అక్కా, బ్యాగు కింద వెట్టి దానిమీద కాళ్ళు సాపు. గిట్లనే కూసుంటే రియాద్‌ల చెప్పులు పట్టయి."

"బ్యాగులో దేవుని పుస్తకం ఉంది నాయనా."

"అయితె నా బ్యాగు తీస్కో. అండ్ల పాత లుంగీలే ఉన్నయి, ఏ దేవుడూ లేడు" అని తన సంచి నా కాళ్ళ కిందికి తోశాడు. మంచి మనిషి. రియాద్‌లో దిగేటప్పుడు వందనాలు చెప్దామంటే అప్పటికే పోయాడు.

తెల్లవారాక రైల్వే స్టేషన్ చేరి, మొహం కడుక్కొని, టీ, జున్నుముక్క పెట్టిన రొట్టె తీసుకున్నాను. ఎనిమిదింబావుకు దమ్మామ్ రైలు. నా పక్క సీట్లో భీమవరం నర్సమ్మాయి కూర్చుంది. రైలు కదిలేటప్పుడు నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాను.

"ఇంగ్లీషు బైబిలా అండీ? ఒకసారి ఇస్తే కీర్తన ఒకటి చదువుకుంటాను" అంది.

సంతోషంగా ఇచ్చాను. రెండు పేజీలు తిప్పింది. ఆగింది. మధ్యలో ఇంకో పేజీ చూసింది. తర్వాత సిమెంటు కాగితం మెల్లగా పక్కకు లాగింది. లోపల రంగుల బొమ్మ. దీపస్తంభం కింద ఇద్దరు మగవాళ్ళు, ఒకతను ఇంకొకతని సిగరెట్టు ముట్టిస్తున్నాడు. నేను ఆ బొమ్మ చూడటం అదే మొదలు.

"ఇది ఎవరిదండీ?"

"మా తమ్ముడిది."

"పెళ్ళయిందా ఆయనకి?"

"లేదు. ముప్పై ఎనిమిది."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇది నవలండీ. బాగా పాతది. వీళ్ళిద్దరూ ప్రేమించుకుంటారు. మగాడూ మగాడూ." అట్ట మళ్ళీ సరిగ్గా తొడిగి నా చేతిలో పెట్టింది. "బాత్రూములో చెత్తబుట్ట ఉంది. మీరు చూపించలేదు, నేను చూడలేదు."

హఫూఫ్ స్టేషన్ రాగానే తన సంచి సర్దుకుంది. దిగేముందు ఒక నారింజపండు ఇచ్చి నా చెయ్యి నొక్కింది.

మధ్యాహ్నం దమ్మామ్, రెండుకు ఖఫ్జీ బస్సు. ఆ నాలుగు గంటలే అన్నిటికంటే పొడుగు. ముందు సిగ్గనిపించింది, గుంపులో చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చి. తర్వాత భయం. నా తలగడ కింద అది ఎవరి కంటనైనా పడివుంటే నా పని పోవడంతో ఆగేది కాదు. వాడి సంగతి బయటపడితే వాడికి జైలే. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఎక్కడో ఏసీ చెడిపోయిందని వాడు ఫోన్ పెట్టేసేవాడు. ఈ దేశంలో ఇన్ని ఏసీలు చెడిపోతాయా అని ఒక్కసారైనా అనుకోలేదు నేను.

ఆరింటికి బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. మగవాళ్ళ క్యాంపులో నన్ను ఉంచకూడదు కనుక చిన్న ఫర్నిష్డ్ గది మాట్లాడాడు. పుస్తకం బ్యాగులోంచి తియ్యలేదు. అలసిపోయాను, పడుకుంటానన్నాను. అది నిజమే.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి కోడి, బొగ్గులు, ఇనుప జల్లెడ పట్టుకొని వచ్చాడు. ఇక్కడివాళ్ళు సెలవునాడు సముద్రం ఒడ్డున మాంసం కాల్చుకుంటారు. అంత పొద్దున ఒడ్డున ఎవరూ లేరు. బొగ్గులు రాజేస్తుంటే పుస్తకం తీసి పక్కన పెట్టాను.

"అట్ట ఊడింది" అన్నాడు.

"రైల్లో ఒక నర్సమ్మ ఊడదీసింది. చదివి చెప్పింది."

వాడు ఊదడం ఆపలేదు. "ఎంత చెప్పింది?"

"ఇద్దరు మగోళ్ళని చెప్పింది. మిగతాది నువ్వు చెప్పు."

చెప్పాడు. పదేళ్ళ కిందట పాతకాలం ఫారినోళ్ళ విల్లాలు పడగొడుతుంటే, ఒక ఇంట్లో ఏసీ గొట్టం విప్పగానే ఇలాంటివి మూడు కింద పడ్డాయట. ఎవరో దాచుకొని, తీసుకోకుండానే పోయారు. "నాకంటే ముందు ఈడ ఒకడు ఉండినాడనిపించింది అక్కా. ఆ పొద్దు నుంచి ఎతకడం మొదలుపెట్టినా." దమ్మామ్ పాత సామాన్ల కొట్లు, ఇళ్ళు ఖాళీ చేసి పోయేవాళ్ళు పారేసిన పెట్టెలు, అన్నీ గాలించాడు. మొత్తం పంతొమ్మిది. అన్నిటికీ మా అమ్మ వేసినట్టే అట్టలు.

"రాసినోళ్ళు సొంత పేరు పెట్టుకోరు. పద్దెనిమిదింట్లో ఆఖరున ఒకడు చస్తాడు, లేకుంటే పిచ్చాసుపత్రికి పోతాడు. దీంట్లోనే ఇద్దరూ బతికేది. అందుకే దీన్ని నీకిచ్చినా."

"మిగతావి యాడుండాయి?"

జల్లెడ చూపించాడు. "రూములు తనిఖీ చేస్తాండారు. వారానికొకటి ఈడికి తెచ్చి కాల్చినా, పైన కోడి పెట్టి. పద్దెనిమిది శుక్రవారాలు. రూమోళ్ళు నన్ను కోడి పిచ్చోడంటారు."

నాకు నవ్వు రాలేదు. "నా తలగడ కింద పెట్టిస్తివే. దొరికింటే?"

"తప్పే. నువ్వు వాక్యం అనుకున్నావని తెలిసినాక చెప్పేకి నోరు రాలేదు. నీ దగ్గర వదిలి పోలేకనే తెమ్మంటి." బొగ్గులు సర్దాడు. "నన్ను చూడబుద్ధి అయితాందా?"

నేను నేర్చుకున్న వాక్యాలు నాకు తెలుసు. వాటితో ఇదంతా ఎలా కలుస్తుందో నాకు అందలేదు, ఈ రోజుకీ అందలేదు. అందినంతవరకే చెప్పాను. "రెండేండ్లు చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది నీకోసంరా, పుస్తకం కోసం కాదు. దాన్ని వెనక్కి తీసుకోను."

వాడు మోచేత్తో కళ్ళు తుడుచుకొని, పొగ అన్నాడు. మొదటి పేజీ చింపబోతే ఆపాను.

"ఆఖరు భాగం తెలుగులో చెప్పు."

ప్రార్థన మనవులు రాసుకునే నోటు పుస్తకం తీశాను. వాడు ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు, నేను రాశాను. కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుంటారు. ఒకతను కిటికీకి రంగు వేస్తాడు, ఇంకొకతను గుడ్లు మాడుస్తాడు. వాన వస్తుంది. కింద ఉత్తరాల పెట్టె మీద ఇద్దరి పేర్లూ రాస్తారు. అంతే కథ. రెండు పేజీలు పట్టింది.

"తెలుగులో ఉంటే ఈడ ఎవురు చదువుతార్రా" అన్నాను.

తర్వాత పేజీలు ఒక్కొక్కటే నిప్పుల్లో వేశాడు, బొమ్మ అట్ట చివరన. కోడి బాగా కాలింది. ఆకలిగా ఉన్నాం, ఇద్దరమూ ఎముకలదాకా తిన్నాం.

మధ్యాహ్నం రెండున్నరకు బస్సు ఎక్కించాడు. దమ్మామ్‌లో తెలిసిన క్రైస్తవ కుటుంబం దగ్గర తలదాచుకొని, శనివారం పొద్దున రైలు, సాయంత్రం నాలుగుకు రియాద్ నుంచి ఖమీస్ బస్సు. ఈసారి కిటికీ సీటు దొరికింది, అదీ దేవుని దయే.

ఆదివారం తెల్లవారుజామున నాలుగుకు చెక్‌పోస్టు. కుర్ర పోలీసు ఇఖామాలు చూస్తూ వచ్చాడు. నా ఒళ్ళో నోటు పుస్తకం చూసి, ఇదేంటని అరబ్బీలో అడిగాడు.

"దుఆ" అన్నాను. ప్రార్థనలు.

చేతిలోకి తీసుకొని పేజీలు తిప్పాడు. ఎక్కడ ఆగకూడదో సరిగ్గా ఆ రెండు పేజీల దగ్గరే ఆగాడు. "హిందీ?"

"తెలుగు."

గాలిలో వేలితో సున్నాలు చుట్టి నవ్వాడు. పుస్తకం తిరిగి ఇస్తూ, "మా అమ్మకు బాగాలేదు, ఆమె కోసం కూడా చెయ్యి" అన్నాడు.

బస్సు కదిలాక ఆ రెండు పేజీలు తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. అబద్ధం చెప్పానా అని ఆలోచించాను. చెప్పలేదనిపించింది. రానూపోనూ మూడు వేల కిలోమీటర్లకు పైగా తిరిగినా నేను చూసిన ఊళ్ళు లేవు. చలి బస్సులు, ఇసుక, కొద్దిపాటి సముద్రం. మంచివాళ్ళు మాత్రం ప్రతిచోటా తగిలారు. రేపు దావీదు ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచి చూపిస్తాడు, అందులో బట్టలే ఉంటాయి.

కళ్ళు మూసుకొని, అడిగాడు కనుక పోలీసు వాళ్ళమ్మ కోసం ముందు చేశాను. తర్వాత తమ్ముడి కోసం మొదలుపెట్టాను. చెయ్యి ఆ రెండు పేజీల మీదే ఉంది. ఆమెన్ అనేలోపల నిద్ర పట్టింది.