కోతపండుగలో పీతలు

నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. ఆపరేషనై అమ్మ నెలంతా ఆసుపత్రిలో ఉంటే, సీతమ్మధారలోని మా చర్చి ఆడవాళ్లు వంతులేసుకుని మాకు అన్నం క్యారియర్లు తెచ్చారు. అందుకు, పంటలు తెచ్చి దేవుడికి కానుకగా అర్పించే కోతపండుగనాడు చర్చిలో అందరి ముందూ నాచేత కృతజ్ఞత సాక్ష్యం చెప్పిస్తానని అమ్మ మొక్కుకుంది. డైరీలో పేజీలు నింపే నాకు నలుగురిలో నోరు పెగలదు.

ఆ ఉదయం, మాకు చేపలమ్మే జాలరిపేట నూకాలమ్మ ఒక సంచి చేతిలో పెట్టింది.

"మీయమ్మ లేసి తిరుగుతంది గదా. మీ దేవుడికి నా పీతలు కూడా ఇచ్చీ పాపా. బతికున్నాయి, జాగర్త!"

సంచిని వేదిక ముందు గుమ్మడికాయలు, అరటిగెలల మధ్య పెట్టాను. ఆరాధన సాగినంతసేపూ చెప్పాల్సిన మాటలు లోలోపలే వల్లెవేసుకున్నాను. నా పేరు పిలిచారు. మైకు పట్టుకున్నాను కానీ ఒక్క మాటా రాలేదు. అమ్మ తలదించుకుంది. వెనక్కి వెళ్లిపోదామని తిరగబోతుంటే నా పాదం మీద ఏదో పాకింది.

"అమ్మో, పీత!"

నా కేక చర్చంతా మోగింది. సంచి మూతి ఊడి పీతలన్నీ బయటపడ్డాయి. పిల్లలు బెంచీలెక్కి ఒకటే నవ్వులు. సంఘపెద్ద భార్య కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, "ఎవులు తెచ్చినారే ఇవి?" అని అరిచింది.

"నూకాలమ్మ పంపింది! అమ్మ బతికినందుకు!" అన్నాను అదే మైకులో. "మీరంతా రోజూ అన్నం తెచ్చినందుకు..."

నవ్వులు ఆగిపోయాయి. నా నోరు మాత్రం ఆగలేదు.

ఇప్పటికీ నలుగురిలో నిలబడితే నోరు పెగలదు. అప్పుడొకసారి నా పాదాల వైపు చూసుకుని మొదలుపెడతాను.